సూపర్ మారియో 64 మొదటిసారి ఆడుతున్నారా? ముందు కోట బయట అరగంట తిరగండి

మన ఇళ్లలో మారియో అంటే చాలామందికి గుర్తొచ్చేది టీవీ వెనకాల వైరు గుచ్చి, క్యాసెట్‌ని నోటితో ఊది పెట్టి, ఎడమ నుంచి కుడికి పరిగెత్తించిన మారియోనే. నేనూ ఆ బాపతే. వేసవి సెలవులన్నీ దానికే అంకితం. అందుకే ముప్ఫై దాటాక, మా అక్క కూతురి గేమ్ కన్సోల్ నింటెండో స్విచ్‌లో సూపర్ మారియో 64 కనిపిస్తే ‘ఇదెంతలే’ అనుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో కందకంలో నాలుగుసార్లు పడ్డాను, ఒక చెట్టుకు తల కొట్టుకున్నాను, వంతెన దాటలేకపోయాను. “మామయ్యా, నువ్వు చిన్నప్పుడు నిజంగా మారియో ఆడేవాడివా?” అని అడిగింది పిల్ల.

ఆ అవమానం మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఈ ఆట 1996 జూన్ 23న జపాన్‌లో, అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో నింటెండో 64తో పాటు వచ్చింది. దర్శకుడు షిగెరు మియమోటో. కథ చెప్పడానికి ఒక్క నిమిషం చాలు: కేక్ చేశాను రమ్మని యువరాణి పీచ్ ఉత్తరం రాస్తుంది, మారియో వెళ్లేసరికి విలన్ బౌజర్ కోటను ఆక్రమించి, ఆమెను గోడల్లో బంధించేసి ఉంటాడు. కోటలోని పెయింటింగుల్లోకి దూకితే ఒక్కో లోకం తెరుచుకుంటుంది. అక్కడ స్టార్లు ఏరుకుని రావాలి. మొత్తం 120 ఉన్నాయి. కానీ ఆట ముగించడానికి 70 చాలు. ఈ 70 అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా ప్లాన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఆడాలంటే సులువైన దారి, చందా కట్టి తీసుకునే నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లోని ఎక్స్‌పాన్షన్ ప్యాక్. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆట ఉన్న త్రీడీ ఆల్ స్టార్స్ కార్డు 2021 మార్చి దాకానే అమ్మారు, పాతది దొరికితే అదీ పనికొస్తుంది. 2004లో నింటెండో చేతి కన్సోల్ డీఎస్‌కి వచ్చినదాంట్లో స్టార్లు 150, కొన్ని దారులూ మారాయి, కాబట్టి కింద చెప్పేది దానికి పూర్తిగా వర్తించదు. బటన్ల పేర్లు నేను పాత నింటెండో 64 లెక్కలో చెబుతాను: ఎ అంటే దూకడం, బి అంటే గుద్దడం లేదా పట్టుకోవడం, జెడ్ అంటే వంగడం, సి బటన్లు కెమెరాకి. స్విచ్‌లో జెడ్ పని జెడ్ఎల్ చేస్తుంది, సి బటన్ల పని కుడి స్టిక్ చేస్తుంది.

మొదటి పని: కోటలోకి వెళ్లకండి

ఆట మొదలవగానే మారియో ఒక పైపులోంచి పచ్చిక మీదకి దూకుతాడు. అక్కడ శత్రువు ఒక్కడూ లేడు. టైమర్ లేదు. నీళ్లలో పడినా ఈదుకుంటూ రావచ్చు. సైకిల్ నేర్చుకోవడానికి ఊరి బయట ఖాళీ మైదానం ఇచ్చినట్టు ఇచ్చారన్నమాట. చాలామంది దీన్ని దాటేసి నేరుగా తలుపు దగ్గరికి పరిగెత్తుతారు. తర్వాత ప్రతి లెవెల్లోనూ దానికి వడ్డీ కడతారు.

స్టిక్‌ని కొంచెం నెట్టండి. మారియో పిల్లిలా అడుగులు వేస్తాడు. ఇంకొంచెం నెడితే నడక, పూర్తిగా నెడితే పరుగు. ఈ తేడా వేళ్లకు తెలియాలి. రెండో లెవెల్లో నిద్రపోతున్న మాంసాహారి మొక్కలుంటాయి, పరిగెత్తుకుంటూ వెళితే లేచి కరుస్తాయి, పిల్లి అడుగులతో వెళితే పడుకునే ఉంటాయి.

తర్వాత దూకుళ్లు. ఇవి కంఠతా రావాలి:

పరిగెత్తుతూ నేలను తాకిన ప్రతిసారీ ఎ నొక్కితే మూడో దూకు చాలా ఎత్తుకి పోతుంది. దీనికి పొడుగాటి ఖాళీ స్థలం కావాలి. తాళం తప్పితే రాదు, కాబట్టి బటన్‌ని గబగబా కొట్టకండి, కాళ్లు నేలకు తగిలేదాకా ఆగండి.

పరిగెత్తుతూ జెడ్ నొక్కి, వెంటనే ఎ నొక్కితే లాంగ్ జంప్. ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ. నా లెక్కలో ఆట మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. గోతులు దాటడానికే కాదు, ఊరికే త్వరగా వెళ్లడానికి కూడా.

కదలకుండా నిలబడి జెడ్ పట్టుకుని ఎ నొక్కితే వెనక్కి పల్టీ. చోటు ఇరుకుగా ఉండి ఎత్తుకి ఎక్కాల్సి వచ్చినప్పుడు ఇది దేవుడిచ్చిన వరం.

ఒకవైపు పరిగెత్తుతూ స్టిక్‌ని ఒక్కసారిగా ఎదురు దిక్కుకి తిప్పి ఎ నొక్కితే పక్కకి పల్టీ. మొదట్లో చిరాకు పెడుతుంది, అలవాటైతే వెనక్కి పల్టీని మర్చిపోతారు.

గోడ మీదకి దూకి, తగిలిన క్షణంలోనే మళ్లీ ఎ నొక్కితే గోడను తన్ని ఎదురుగా ఎగురుతాడు. నాకు ఇది రావడానికి రెండు రోజులు పట్టింది. మీకు రాకపోతే టెన్షన్ పడకండి, మొదటి 30 స్టార్లకి ఇది లేకపోయినా పర్లేదు.

గాల్లో ఉండగా జెడ్ నొక్కితే కూర్చున్నపళంగా నేలకి దెబ్బ. దీనికి ఇంకో రహస్య ఉపయోగం ఉంది: చాలా ఎత్తునుంచి పడిపోతుంటే నేలకు దగ్గరగా వచ్చాక జెడ్ నొక్కండి, పడిన దెబ్బ తగలదు.

చివరిగా చెట్టెక్కండి, కందకంలో ఈదండి. ఈతలో ఎ పట్టుకుని ఉండకూడదు. ఒక తూగులో నొక్కుతూ వదులుతూ ఉంటేనే వేగం వస్తుంది.

కెమెరాతో సంధి చేసుకోండి

ఆట మొదట్లో మబ్బు మీద కూర్చున్న లకిటు ఒకడు, గాలానికి కెమెరా కట్టుకుని కనిపిస్తాడు. అంటే మీరు చూస్తున్నదంతా అతను తీస్తున్న షూటింగ్ అన్నమాట. త్రీడీ ఆటలు కొత్తగా వస్తున్న కాలంలో ‘కెమెరా’ అంటే ఏమిటో ఆడేవాళ్లకి అర్థమవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలీదు.

కానీ నిజం చెప్పాలి: ఈ ఆటలో నేను పోగొట్టుకున్న లైఫుల్లో సగం కెమెరా వల్లే. ఇప్పటి ఆటల్లోలా అది సాఫీగా తిరగదు. సి ఎడమ, సి కుడి నొక్కితే ఒక్కో అంగ వేస్తూ తిరుగుతుంది, గోడ అడ్డం వస్తే మొరాయిస్తుంది. అందుకని ఒక నియమం పెట్టుకోండి. ఇరుకు పలక మీదకి దూకే ముందు ఆగి, మారియో వీపు మీ వైపు ఉండేలా కెమెరా తిప్పుకుని, అప్పుడు దూకండి. దూకుతూ తిప్పారో, స్టిక్ దిశ మారిపోయి లోయలో పడతారు. సి కింద నొక్కితే కెమెరా వెనక్కి వెళుతుంది, సి పైన నొక్కితే మారియో కళ్లతో చూడొచ్చు. ఆర్ నొక్కితే కెమెరా మారియో వెనకే దగ్గరగా వస్తుంది, సన్నని దారుల్లో అది నయం.

ప్రాణం, కాయిన్లు, సేవ్

పైన గుండ్రంగా 8 ముక్కల మీటర్ ఉంటుంది. దెబ్బ తగిలితే తగ్గుతుంది, కాయిన్ తీసుకుంటే నిండుతుంది. పసుపు కాయిన్ 1, ఎర్రది 2, నీలం 5 లెక్క. నీళ్లలో అదే మీటర్ ఊపిరిగా మారుతుంది, పైకి తేలితే మళ్లీ నిండిపోతుంది. కాబట్టి బయట బాగా దెబ్బలు తిని ఉంటే, దగ్గర్లో చెరువు ఉంటే ఒక మునక వేసి రండి. ఆస్పత్రి ఖర్చు లేదు.

స్టార్ తీసుకున్న ప్రతిసారీ సేవ్ చేయాలా అని అడుగుతుంది. చేయండి. లైఫులన్నీ అయిపోయినా సేవ్ చేసిన స్టార్లు ఎక్కడికీ పోవు. ఈ మాట తెలియక మొదటి రోజంతా నేను ఊపిరి బిగబట్టుకుని ఆడాను.

కింది అంతస్తు: 8 స్టార్ల దాకా

లోపలికి వెళ్లాక స్టార్ అవసరం లేకుండా తెరుచుకునేది ఒకే పెయింటింగ్ గది: బాబాంబ్ బ్యాటిల్‌ఫీల్డ్. పెయింటింగ్‌లోకి దూకేయండి. ప్రతి లెవెల్లోకి వెళ్లేటప్పుడు ఆ స్టార్ పేరు చూపిస్తుంది, ఆ పేరే క్లూ.

మొదటి స్టార్ కోసం కొండ చుట్టూ తిరిగి శిఖరం మీదున్న నడిచే బాంబుల్లాంటి బాబాంబుల రాజుని ఓడించాలి. ఎదురుగా వెళితే మిమ్మల్ని ఎత్తి పారేస్తాడు. చుట్టూ తిరిగి వీపు వైపుకి చేరి బి నొక్కి ఎత్తండి, మళ్లీ బి నొక్కి నేలకేసి కొట్టండి. మూడుసార్లు. ఒక్క జాగ్రత్త, కొండ మీదనుంచి కిందకి విసరొద్దు. ఆటకు విరుద్ధమని తిట్టి, మొదటినుంచి మొదలుపెడతాడు.

రెండోది తాబేలుతో పరుగు పందెం, అదే కొండ, అదే దారి. ఎర్ర కాయిన్లు ఎనిమిదీ ఏరడం ఇంకో స్టార్. గొలుసుతో కట్టేసిన పెద్ద నల్ల బంతి ఒకటి కుక్కలా మొరుగుతూ ఉంటుంది కదా, అది కట్టిన కర్రగుంజ మీదకెక్కి మూడుసార్లు జెడ్ దెబ్బ వేస్తే అది తప్పించుకుని, పోతూ పోతూ వెనకున్న ఇనుప గేటు పగలగొడుతుంది. లోపల స్టార్. గులాబీ రంగు బాబాంబులు కనిపిస్తే కొట్టకండి, మాట్లాడండి. వాళ్లు మనవాళ్లే, ఫిరంగి తెరుస్తారు.

ఒక స్టార్ రాగానే వాంప్స్ ఫోర్ట్రెస్ తెరుచుకుంటుంది. పైన రాతిపలకలాంటి రాజు ఉంటాడు. మీ మీద బోర్లా పడేదాకా ఆగి, తప్పుకుని, వీపు మీదకెక్కి జెడ్ దెబ్బ. ఇక్కడా మూడుసార్లే. మూడు స్టార్లకి జాలీ రోజర్ బే, కూల్ కూల్ మౌంటెన్ తెరుచుకుంటాయి. నా సలహా, మంచు కొండ ముందు, సముద్రం తర్వాత. మంచు కొండలో తప్పిపోయిన పెంగ్విన్ పిల్లను ఎత్తుకుని కిందున్న తల్లికి ఇస్తే ఒక స్టార్ వచ్చేస్తుంది. కొండపైన గుడిసె పొగగొట్టంలో దిగితే జారుడుబల్ల ఉంది. పెద్ద పెంగ్విన్‌తో పందెం ఆడేటప్పుడు మాత్రం అడ్డదారి తొక్కితే గెలిచినా స్టార్ ఇవ్వదు, మోసం చేశావంటుంది.

సముద్రంలో మునిగిన ఓడ కిటికీలో భయంకరమైన ఈల్ చేప తలపెట్టి చూస్తూ ఉంటుంది. మా పిల్ల ఇప్పటికీ ఆ లెవెల్ నాకే ఇస్తుంది. దగ్గరికి ఈదితే అది బయటికి వస్తుంది, అప్పుడు పక్కకు తప్పుకుని ఓడలోకి దూరాలి. లోపల నాలుగు పెట్టెలు సరైన వరుసలో తెరవాలి, తప్పు పెట్టె తెరిస్తే షాక్ కొడుతుంది.

బౌజర్ తోక పట్టుకోవడం

8 స్టార్లు రాగానే పెద్ద స్టార్ తలుపు తెరుచుకుంటుంది, లోపల మొదటి బౌజర్ లెవెల్. దారిలో ఎనిమిది ఎర్ర కాయిన్లు ఉన్నాయి, వాటికి వేరే స్టార్ ఉంది. మొదటిసారి వాటిని పట్టించుకోకండి.

బౌజర్ దగ్గర అందరూ ఇరుక్కుపోతారు. అతని చుట్టూ గుండ్రంగా పరిగెత్తండి, అతను తిరిగేలోపు తోక చివరకి చేరి బి నొక్కండి. పట్టు దొరికాక స్టిక్‌ని రుబ్బురోలు తిప్పినట్టు గుండ్రంగా తిప్పండి. వేగం పెరిగాక బి నొక్కి వదలండి. అంచున ముళ్ల బాంబులుంటాయి, అతను వాటికి తగలాలి. గురి కుదరకపోవడానికి కారణం ఒకటే, మారియో బాంబు వైపు చూస్తున్నప్పుడు వదలాలని చూస్తాం, మన వేలు ఆలస్యం అవుతుంది. రవ్వంత ముందు వదలండి. ఇంకో చిట్కా: మైదానం మధ్యలో కాకుండా అంచు దగ్గరికి అతన్ని రప్పించి అక్కడ తోక పట్టుకుంటే దూరం తక్కువ, గురి సులువు. మొదటి రెండు బౌజర్ పోరాటాల్లో ఒక్క బాంబు తగిలితే చాలు. తగలకుండా కింద పడితే మళ్లీ ఎగిరొస్తాడు.

గెలిస్తే బేస్‌మెంట్ తాళంచెవి.

బేస్‌మెంట్‌కి వెళ్లే ముందు

10 స్టార్లు దాటాక కోట పెద్ద హాలు నేల మీద, సూర్యుడి బొమ్మ మీద వెలుగు పడుతుంది. అక్కడ నిలబడి సి పైన నొక్కి తలెత్తి చూడండి. రెక్కల టోపీ లోకంలోకి వెళతారు. అక్కడి ఎర్ర స్విచ్ నొక్కితే అన్ని లెవెళ్లలో ఎర్ర పెట్టెలు గట్టిపడతాయి, వాటిని కొడితే వచ్చే టోపీ పెట్టుకుని మూడు దూకుళ్లు వేస్తే ఎగరొచ్చు. 12 స్టార్లకి కోట వెనకాల పెరట్లో దయ్యాలు వస్తాయి. పెద్ద దయ్యాన్ని కొడితే పంజరం పడుతుంది, అందులోకి దూకితే దయ్యాల మేడ. ఈ దయ్యాలు మనం చూస్తే సిగ్గుతో మొహం దాచుకుంటాయి, వెనక్కి తిరిగితే మీద పడతాయి. వీపు చూపించి దగ్గరికి రానిచ్చి జెడ్ దెబ్బ వేయండి. అక్కడున్న పియానో దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఎందుకో చెప్పను.

బేస్‌మెంట్‌లో లీథల్ లావా ల్యాండ్ పేరు చూసి భయపడతారు కానీ, చిన్న లెవెల్, స్టార్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నల్లటి గుండు రాక్షసుల్ని గుద్దుతూ లావాలోకి నెట్టేయడమే. నాకైతే ఆటలో అన్నిటికన్నా సరదా అక్కడే. హేజీ మేజ్ కేవ్‌లో పచ్చ స్విచ్‌తో లోహపు టోపీ వస్తుంది. ఇసుక లోకానికి పెయింటింగ్ లేదు, బేస్‌మెంట్‌లో ఉత్త గోడలా కనిపించేదాంట్లోకి దూకాలి. అక్కడ గద్ద మీ టోపీ ఎత్తుకుపోతే వెంటనే వెనక్కి తెచ్చుకోండి, టోపీ లేకపోతే దెబ్బలు గట్టిగా తగులుతాయి.

15 స్టార్లు దాటితే ఇక్కడే పసుపు రంగు కుందేలు పరిగెత్తుతూ కనిపిస్తుంది. డైవ్ కొట్టి పట్టుకుంటే స్టార్. 50 దాటాక మళ్లీ వస్తుంది. దాని పేరు మిప్స్, నింటెండో 64లోని ప్రాసెసర్ పేరే. ఆట తయారు చేస్తున్నప్పుడు మారియో కదలికలు సరిచూడటానికి ముందు తయారైన బొమ్మల్లో ఇదొకటి. అంటే తయారుచేసినవాళ్లు కూడా లెవెళ్లకన్నా ముందు మారియోని ఊరికే పరిగెత్తించి చూశారన్నమాట.

30 స్టార్లకి డైర్ డైర్ డాక్స్ తలుపు తెరుచుకుంటుంది. అక్కడ మొదటి స్టార్, అంటే బౌజర్ జలాంతర్గామి మీదది తీసుకుంటేనే రెండో బౌజర్ దారి తెరుచుకుంటుంది. ఆ స్టార్ తీసుకోకుండా తలుపు ఎక్కడుందని అరగంట వెతికినవాణ్ణి నేను.

పై అంతస్తు, 70 దాకా

రెండో బౌజర్ ఇచ్చే తాళంచెవితో పైకి వెళ్లాక ఆట స్వభావం మారుతుంది. ఇక్కడ పెయింటింగ్‌లోకి ఎలా దూకుతున్నారన్నది కూడా లెక్కే. వెట్ డ్రై వరల్డ్ పెయింటింగ్‌లో ఎంత ఎత్తున దూకితే లోపల నీళ్లు అంత ఎత్తున ఉంటాయి. టైనీ హ్యూజ్ ఐలాండ్‌కి రెండు పెయింటింగులు, ఒకటి లోకాన్ని పెద్దది చేస్తుంది, ఇంకోటి చిన్నది. స్నోమాన్స్ ల్యాండ్ మరీ కొంటెది. అద్దాల గదిలో పెయింటింగ్ అద్దంలో మాత్రమే కనిపిస్తుంది, అసలు గోడ ఖాళీ. ఆ ఖాళీ గోడలోకే దూకాలి. అద్దంలో చూస్తే మారియో వెనకాల కెమెరా పట్టుకుని లకిటు కూడా కనిపిస్తాడు.

ఇక్కడ నా సలహా: ఏదైనా ఒక స్టార్ మీద మూడుసార్లు ఓడిపోతే వదిలేయండి. ఒక్కో లెవెల్లో ఆరు స్టార్లు, 100 కాయిన్లకి ఏడోది. 15 లెవెళ్లు. మీకు కావాల్సింది 70, కాబట్టి కఠినమైనవి వదిలేసినా సరిపోతాయి. 12, 25, 35 స్టార్లు దాటాక కోటలోని కొందరు టోడ్లతో (పుట్టగొడుగు తలల సేవకులు) మాట్లాడితే మూడు స్టార్లు ఊరికే ఇస్తారు, మర్చిపోకండి. కింది అంతస్తులో యువరాణి అద్దపు బొమ్మ ఉన్న గదిలోని జారుడుబల్లకీ రెండున్నాయి, రెండోది 21 సెకన్లలోపు దిగితేనే.

100 కాయిన్ల స్టార్ గురించి ఒక మాట. మిగతా స్టార్లు తీసుకోగానే లెవెల్ బయటికి పంపేస్తాయి, ఇది పంపదు. కాబట్టి ముందు వంద ఏరుకుని ఈ స్టార్ తీసుకుని, తర్వాత అదే ఊపులో ఇంకో స్టార్ తీసుకుని బయటికి రండి. 95 దగ్గర చనిపోతే కాయిన్లన్నీ పోతాయి. కంట్రోలర్ గోడకేసి కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి.

50 స్టార్లకి మూడో అంతస్తు తెరుచుకుంటుంది. అక్కడి టిక్ టాక్ క్లాక్‌లో గడియారం నిమిషాల ముల్లు ఎక్కడున్నప్పుడు దూకితే లోపలి యంత్రాలు అలా తిరుగుతాయి. ముల్లు 12 దగ్గరుంటే అన్నీ ఆగిపోతాయి, 3 దగ్గర నెమ్మది, 9 దగ్గర వేగం, 6 దగ్గర ఇష్టం వచ్చినట్టు. కొత్తవాళ్లకి 12 మంచిది, అయితే కొన్ని స్టార్లకి పలకలు కదలాలి, అప్పుడు 3. రెయిన్‌బో రైడ్ అందంగా ఉంటుంది, కానీ కిందంతా శూన్యం. 70కి అది అవసరం లేకపోతే ముట్టుకోకండి.

ఎడతెగని మెట్లు

70 కాకముందు చివరి మెట్లెక్కితే, ఎంత ఎక్కినా అక్కడే ఉంటారు. తిరుమల కాలినడకలోనైనా మెట్లు లెక్క తేలతాయి, ఇవి తేలవు. వేగంగా ముగించే పోటీలు పెట్టుకునేవాళ్లు వెనక్కి లాంగ్ జంప్ వేస్తూ ఈ మెట్లని బోల్తా కొట్టించేవాళ్లు. 1997లో జపాన్‌లో వచ్చిన షిండో వెర్షన్లో ఆ లొసుగు సరిదిద్దారు, త్రీడీ ఆల్ స్టార్స్‌లో ఉన్నది అదే వెర్షన్. మొదటిసారి ఆడేవాళ్లు ఆ జోలికి పోకుండా 70తోనే రండి.

చివరి బౌజర్‌కి మూడు బాంబులు తగలాలి. నేలను కొట్టి అలలు పుట్టిస్తాడు, అవి వచ్చేటప్పుడు దూకండి. రెండో బాంబు తగిలాక నేల అంచులు ఊడిపోయి స్టార్ ఆకారం మిగులుతుంది. బాంబులు ఆ కొనల ఎదురుగా ఉంటాయి, కాబట్టి కొన వైపు గురిపెట్టి తిప్పండి. తొందరపడి తోక కోసం పరిగెత్తి నేనే రెండుసార్లు కిందపడ్డాను.

గెలిస్తే పీచ్ వస్తుంది, మొదట్లో చెప్పిన కేక్ చివరికి దొరుకుతుంది.

ఆ తర్వాత కూడా తీరిక ఉంటే, 120 పూర్తి చేసినవాళ్లకి కోట బయట ఇన్నాళ్లూ మూసి ఉన్న ఫిరంగి తెరుచుకుంటుంది. దాంట్లోంచి కోట కప్పు మీదకి ఎగిరితే మారియో స్నేహితుడైన డైనోసార్ యోషీ ఉంటాడు, 100 లైఫులు ఇస్తాడు. అయితే ఆట మామూలుగా ఆపి మళ్లీ పెడితే లైఫులు ఎప్పటిలాగే 4 దగ్గర మొదలవుతాయి. మా పిల్లకి ఈ సంగతి చెప్పలేదు. 113 దగ్గరుంది, చూద్దాం.